హాస్టల్ రౌటర్‌లో ఐపీవీ6: డీహెచ్‌సీపీయా, స్లాకా?

రాత్రిడ్యూటీ:
మా హాస్టల్ నెట్‌వర్క్ నేనే చూస్తాను. నిన్న ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి) ఆన్ చేశాను. ఎవరికి ఏ అడ్రస్ వెళ్లిందో లిస్టు ఉంటుందని స్లాక్ (ఎవరి అడ్రస్ వాళ్ల ఫోనే వేసుకునే పద్ధతి) తీసేసి డీహెచ్‌సీపీవీ6 (సర్వరే అడ్రసులు పంచే పద్ధతి) ఒక్కటే ఉంచాను. ల్యాప్‌టాప్‌లకు అడ్రస్ వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కదానికీ రాలేదు. రౌటర్ పోయిందా?

పాతకేబుల్:
రౌటర్‌కేం కాలేదు తమ్ముడూ. డీహెచ్‌సీపీవీ6ని అడగమనే 'ఎం' (M) ఫ్లాగ్ పెట్టి, స్లాక్‌కి అనుమతిచ్చే 'ఏ' (A) ఫ్లాగ్ తీసేసి ఉంటావు. ఆండ్రాయిడ్ డీహెచ్‌సీపీవీ6ని ఒక్కో అడ్రస్ అడగదు, కావాలనే అలా చేశారు. స్లాక్ పెట్టు. అడ్రస్‌లో ముందు సగం, అంటే 64 బిట్లు, రౌటర్ చాటిస్తుంది, మిగతా సగం ఫోనే కల్పించుకుంటుంది. ఇది 1996 నాటి ప్రమాణం, డీహెచ్‌సీపీవీ6 వచ్చింది 2003లో. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, ఈ కొమ్ములకు గేట్‌వే (బయటి నెట్‌కి దారి) చెప్పడం కూడా రాదు. దానికీ రౌటర్ ప్రకటనే దిక్కు.

లెక్కపక్కా:
రేపు ఏదైనా కంప్లయింట్ వచ్చి "ఈ అడ్రస్ ఏ రూమ్‌ది?" అంటే ఏం చూపిస్తాడండీ? స్లాక్‌లో ఫోన్ రోజుకో కొత్త అడ్రస్ వేసుకుంటుంది. నాకదే ఒళ్లు మంట.

పాతకేబుల్:
ఆ మార్పు ఊరికే రాలేదండీ. మొదట్లో మ్యాక్ అడ్రస్‌నే (ఫోన్ హార్డ్‌వేర్ నంబరు) చీల్చి, మధ్యలో ఎఫ్ఎఫ్‌ఎఫ్‌ఈ దూర్చి వాడేవారు. ఫోన్ ఏ ఊరెళ్లినా అదే తోక. ఇక మీ లిస్టంటారా, చేత్తో అడ్రస్ టైప్ చేసుకున్నవాడు అందులో ఉండడు. రౌటర్ నైబర్ టేబుల్‌ని (ఏ అడ్రస్‌కి ఏ మ్యాక్ అని అది రాసుకునే పట్టిక) ఐదు నిమిషాలకోసారి సేవ్ చేస్తే ఏ అడ్రస్ ఏ మ్యాక్‌దో తెలుస్తుంది.

లెక్కపక్కా:
మ్యాక్‌నీ ఫోన్లు మారుస్తున్నాయిగా! సరే, ఇంకోటి. ప్రొవైడర్ ఇచ్చేది ఒక్క /64 (ముందు 64 బిట్లు ఖాయమైన ఒకే నెట్‌వర్క్) అయితే గెస్ట్ నెట్‌వర్క్‌కి ఏం చేస్తారు? దాన్ని ముక్కలు చేస్తే స్లాక్ నడవదు.

పాతకేబుల్:
అది ఒప్పుకుంటాను. అక్కడ /56 అడగాలి, 256 నెట్‌వర్క్‌లు వస్తాయి. ఇవ్వకపోతే గెస్ట్‌లకు ఐపీవీ4 చాలు.

రాత్రిడ్యూటీ:
'ఏ' ఫ్లాగ్ పెట్టాను, ఫోన్లకు వచ్చేసింది. నైబర్ టేబుల్ చూస్తే నా ఒక్క ఫోన్‌కే నాలుగు అడ్రసులు! మ్యాక్ సంగతికి రూమ్‌కో వైఫై లాగిన్ ఇద్దామనుకుంటున్నా. వార్డెన్‌ని ఒప్పించాలి, అదే టెన్షన్.