పాత పికప్: ఘాట్‌లో లోడు మీద క్లచ్ జారుతోంది, గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

బంగారుపాళెం_లోడు:
అన్నలూ, బండి 2011 మోడల్ డీజిల్ పికప్. ఐదు గేర్ల మాన్యువల్, హైడ్రాలిక్ క్లచ్. మామిడికాయ లోడుతో మొగిలి ఘాట్ ఎక్కతా ఉంటే మూడో గేర్‌లో ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అవుతుంది, స్పీడు మాత్రం పెరగదు. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు బాగానే లాగుతుంది. అరగంట నడిచాక మొదలవుతుంది, కొంచెం మాడు వాసన కూడా ఉండాది. అంతకు ముందు గేర్లు గట్టిగా పడతా ఉంటే షెడ్డులో పెడల్ దగ్గర ఏదో సెట్టింగ్ చేశారు. ఇప్పుడేమో క్లచ్ సెట్టు మొత్తం పోయింది, గేర్‌బాక్స్ దించాలంటున్నారు. సీజన్‌లో బండి నిలబెట్టడం కష్టం. దించకముందే చూసుకోగలిగేవి ఏమన్నా ఉన్నాయా? లోడు ఎక్కువైనందుకే జారుతోందా?

డీజిల్_చిత్తూరు:
ముందు జారుతున్నది క్లచ్చే అని తేల్చుకోండి. ఇంజిన్ రేజ్ అయి స్పీడు పెరగకపోతే క్లచ్. రేజ్ కూడా అవకుండా బండి బరువుగా ఈడుస్తుంటే అది ఇంజిన్ సంగతి: డీజిల్ ఫిల్టర్ మూసుకుపోవడమో, టర్బో పైపు చిట్లడమో. బ్రేకులు పట్టేసినా ఇలాగే ఈడుస్తుంది. కాస్త దూరం నడిపి దిగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూస్తే ఏది ఎక్కువ వేడిగా ఉందో తెలిసిపోతుంది.

చిత్తూరు-తిరుపతి రోడ్డు లాంటి చదునైన చోట, వెనకాల బండ్లు లేనప్పుడు, నాలుగో గేర్‌లో 40 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం), స్పీడు రెండూ కలిసి నిదానంగా ఎక్కాలి. ఆర్పీఎం ముందు ఎగిరి స్పీడు తర్వాత వస్తే జారుతున్నట్టే. బండి వేడెక్కాకే చూడాలి, చల్లగా ఉన్నప్పుడు చూస్తే మీకు ఏమీ కనిపించదు.

నిలబెట్టి చూసే పద్ధతి కూడా ఉంది. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, బండి ముందు మనుషుల్లేకుండా చూసుకోండి. నాలుగో గేర్ వేసి, కొంచెం రేజ్ ఇచ్చి క్లచ్ వదిలితే ఇంజిన్ టక్కున ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే వెంటనే పెడల్ తొక్కేయండి. ఒక్కసారి చాలు, మళ్లీ మళ్లీ చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది.

లోడు సంగతి: బాగున్న క్లచ్ లోడుకు జారదు. క్లచ్ మోయాల్సింది ఇంజిన్ ఇవ్వగల అత్యధిక టార్క్‌ని (తిప్పే బలాన్ని), అది లోడు పెరిగినా పెరగదు. లోడు చేసే చెరుపు బండి కదిలించేటప్పుడు. హాఫ్ క్లచ్‌లో (పెడల్ సగం వదిలి) ఎక్కువసేపు రుద్దుకుని ప్లేటు వేడెక్కుతుంది.

స్లేవ్_సిలిండర్:
ప్రశ్నలో రెండు మాటలు పట్టుకోండి: పెడల్ దగ్గర సెట్టింగ్ చేశారు, వేడెక్కాక జారుతోంది. పెడల్ తొక్కితే పుష్‌రాడ్ అనే కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ని నెడుతుంది, ఆ ఆయిల్ ఒత్తిడి పైపు గుండా కింద గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్‌కు వెళ్లి క్లచ్‌ని విడదీస్తుంది. గేర్లు గట్టిగా పడితే చాలామంది చేసే పని ఆ పుష్‌రాడ్ పొడవు పెంచడం. ప్లే (ఖాళీ కదలిక) పూర్తిగా పోయేదాకా పెంచితే పిస్టన్ వెనక్కి పూర్తిగా రాదు. అప్పుడు రిజర్వాయర్‌లోకి ఆయిల్ తిరిగి పోయే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇంజిన్ వేడికి లైన్‌లో ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక స్లేవ్ పిస్టన్‌ని నెడుతుంది. అంటే మీరు పెడల్ మీద కాలు పెట్టకపోయినా ఎవరో సగం తొక్కి పట్టుకున్నట్టే. చల్లారితే మామూలైపోతుంది.

పెడల్‌ని వేలితో నొక్కి చూడండి. పుష్‌రాడ్ పిస్టన్‌ని తాకేలోపు కొద్దిగా ఖాళీ కదలిక తగలాలి. ఎంత ఉండాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. అసలేమీ లేకపోతే లాక్ నట్ వదులు చేసి రాడ్ తగ్గించండి. పెడల్ కింద మ్యాట్ మడత పడి అడ్డుపడుతోందేమో కూడా చూడండి, నవ్వులాట కాదు.

ఇంకా తేలకపోతే, వేడిగా జారుతున్నప్పుడే బండి పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, పెడల్ ముట్టుకోకుండా స్లేవ్ మీది బ్లీడ్ నిపుల్ (గాలి తీసే చిన్న మర) అర చుట్టు వదులు చేయండి. ఆయిల్ చిమ్మి, నిపుల్ బిగించాక జారడం ఆగిపోతే ప్లేటు తప్పు కాదు, లైన్‌లో ఒత్తిడి నిలిచిపోతోంది. అది ఎక్కడన్నది తేల్చడానికి, మళ్లీ జారినప్పుడు ముందు మాస్టర్ దగ్గరి పైపు నట్ వదులు చేయండి. అక్కడే ఒత్తిడి పోతే తప్పు మాస్టర్‌ది. అక్కడ పోకుండా కింద నిపుల్ దగ్గర మాత్రమే పోతే రబ్బరు హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయింది. తర్వాత లైన్‌లో గాలి తీయడం తప్పనిసరి. ఈ లైన్‌లో ఉండేది బ్రేక్ ఆయిలే, అది పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఇంకొకటి. పెడల్ పైకొచ్చాక క్లచ్ పడుతోంది కాబట్టి ప్లేటు అయిపోయింది అనే లెక్క కేబుల్ బండ్లకు. స్లేవ్ తనంతట సర్దుకునే రకమైతే ప్లేటు అరిగినా పెడల్ పెద్దగా మారదు. పైగా అరిగేకొద్దీ రిజర్వాయర్‌లో ఆయిల్ కొంచెం పైకొస్తుంది, బ్రేకులకు ఉల్టా.

బంగారుపాళెం_లోడు:
అన్నా, పుష్‌రాడ్‌లో ప్లే అసలు లేదు. తగ్గించి చూశాం, జారడం సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. నిపుల్ తిప్పితే చుక్క కూడా చిమ్మలేదు. బెల్ హౌసింగ్ (క్లచ్ చుట్టూ ఉండే డబ్బా) అడుగు రంధ్రం దగ్గర మాత్రం నల్లటి ఆయిల్ తడి ఉండాది. పెట్రోల్‌తో ప్లేటు కడిగి ఫేసింగ్ (దాని మీది రాపిడి పొర) రుద్దితే సరిపోతుందని ఒకాయన అంటున్నాడు.

లేత్_పాకాల:
నిపుల్ చిమ్మలేదంటే లైన్‌లో ఒత్తిడి నిలవడం లేదు, ఇక దించండి. ఆయిల్ తాగిన ఫేసింగ్‌ని కడిగినా, రుద్దినా పైపైన తుడిచినట్టే. వేడి తగిలితే లోపలి ఆయిల్ మళ్లీ పైకొస్తుంది.

కొత్త సెట్టు కొనేముందు ఆయిల్ ఎక్కడిదో తేల్చండి. పలచగా నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, అంటే ఇంజిన్ వెనక క్రాంక్ సీలు (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్ ఆపే రింగు). చిక్కగా, గంధకం కంపుతో ఉంటే గేర్ ఆయిల్, అంటే గేర్‌బాక్స్ ముందున్న ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. నీళ్లలా తేటగా ఉంటే స్లేవ్ కారుతోంది. మీది మొదటిదే అనిపిస్తోంది కానీ, పైన ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ కారినా ఆయిల్ ఇంజిన్ వెనక నుంచి దిగి అచ్చం సీలు పోయినట్టే కనిపిస్తుంది. ఇంజిన్ వెనక భాగం శుభ్రంగా తుడిచి, ఒక ట్రిప్పు నడిపి, తడి పైనుంచి వస్తోందో కింద మొదలవుతోందో చూడండి.

సీలు మార్చేటప్పుడు బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) ఊది చూడండి. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలు కూడా కారుతుంది. పాత సీలు అంచు క్రాంక్ మీద గాడి పెట్టి ఉంటే, కొత్తదాని అంచు గాడిలోనే కూర్చోకుండా, హౌసింగ్‌లో చోటుంటే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిపి కొట్టండి.

దించాక రివెట్ తల ఫేసింగ్ కన్నా ఎంత లోతులో ఉందో వెర్నియర్‌తో కొలవండి. 0.3 మి.మీ. కన్నా తక్కువైతే ప్లేటు మార్చాల్సిందే. మీ ప్లేటు ఆయిల్ తాగింది కాబట్టి కొలత ఎంతొచ్చినా మార్చాలి. ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) మీద నీలం మచ్చలు, సన్న పగుళ్లు ఉంటే లేత్ మీద స్కిమ్మింగ్ (పైపొర చెక్కి చదును) చేయించండి. అవసరమైనంతే తీయమనండి, మాన్యువల్‌లోని కనీస మందం దాటకూడదు. ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ కూర్చునే అంచు గట్టులా ఎత్తుగా ఉండే ఫ్లైవీల్ అయితే లోపల ఎంత తీశారో గట్టు మీద కూడా అంతే తీయాలి. అలా తీయకపోతే ప్రెషర్ ప్లేట్ పట్టు తగ్గి కొత్త సెట్టు కూడా జారుతుంది. చాలా షెడ్లలో మర్చిపోయేది ఇదే.

ఎక్కించేటప్పుడు స్ప్లైన్ (ఇన్‌పుట్ షాఫ్ట్ మీది గాడి పళ్లు) మీద గ్రీజు వేలితో పూసినంత చాలు. ఎక్కువైతే తిరుగుడుకు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది. ప్లేటు సెంటర్ చేయడానికి పాత ఇన్‌పుట్ షాఫ్ట్ వాడండి. ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. గేర్‌బాక్స్ బరువు షాఫ్ట్ మీద వేలాడనివ్వొద్దు. ప్లేటు వంగిపోయి మళ్లీ గేర్లు గట్టిగా పడటం మొదలవుతుంది, మళ్లీ ఎవరో పుష్‌రాడ్ పెంచుతారు.

డీజిల్_చిత్తూరు:
రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసేది), ఫ్లైవీల్ మధ్యలోని పైలట్ బేరింగ్ కూడా ఇప్పుడే మార్చేయండి. వాటి కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించడం దండగ. సెట్టు వేశాక మొదటి 500 కిలోమీటర్లు తక్కువ లోడుతో నడపండి. మొగిలి ఘాట్‌లో లారీల వెనక ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేక్ మీద నిలబెట్టండి, హాఫ్ క్లచ్ మీద వద్దు.