ద్రవ్య చరిత్రలో పరిశోధన: ఆర్థికశాస్త్ర శాఖలోనా, చరిత్ర శాఖలోనా?

పాతచిట్టా:
ద్రవ్య, బ్యాంకింగ్ చరిత్రను జీవితకాలపు వృత్తిగా ఎంచుకునే విద్యార్థి పీహెచ్‌డీకి ఏ శాఖలో చేరాలన్నది ప్రశ్న. నా మటుకు నాకు చరిత్ర శాఖే సరైనదనిపిస్తుంది. ఆర్థికశాస్త్ర శాఖల్లో గతమంటే సిద్ధాంతాలను పరీక్షించుకోవడానికి పనికొచ్చే అంకెల మూట. ఆ అంకెను ఎవరు, ఏ అవసరానికి, ఏం దాచిపెట్టి రాశారన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

రొక్కం:
పాతచిట్టా గారూ, మీ అభియోగంలో సగం నిజముంది. అయితే 1929–33 మధ్య అమెరికాలో ద్రవ్య సరఫరా దాదాపు మూడో వంతు పడిపోయిందని నేడు పాఠ్యపుస్తకాలన్నీ రాస్తున్నాయంటే, ఆ అంకె ఏ బీరువాలోనూ సిద్ధంగా దొరికినది కాదు. ఆర్థికవేత్తలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, అన్నా ష్వార్ట్జ్ 1867 నుంచి చలామణీలో ఉన్న కరెన్సీని, బ్యాంకు డిపాజిట్లను ఏళ్ల తరబడి కూర్చి, 1963లో తమ గ్రంథంలో ప్రకటించారు. ఏ డిపాజిట్లను డబ్బు కింద లెక్కించాలి, ఒక బ్యాంకు మరో బ్యాంకులో దాచిన సొమ్ము రెండుసార్లు లెక్కకు రాకుండా ఎలా తీసివేయాలి అన్నవి ఆర్థికశాస్త్రం తెలియకుండా తేలే ప్రశ్నలు కావు. పైగా కేంద్ర బ్యాంకుల పరిశోధన విభాగాలు ప్రధానంగా ఆర్థికవేత్తలనే తీసుకుంటాయి.

నా బాధ వేరే. 1941లో అమెరికాలోని ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌బీఈఆర్‌లో చేరిన ష్వార్ట్జ్‌కు కొలంబియా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చింది 1964లో, అంటే ఆ గ్రంథం వెలువడిన తరువాత. కొద్ది సంవత్సరాల్లోనే శాశ్వత ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చేసే నేటి నియామక సంఘాల ముందు అలాంటి బయోడేటా నిలబడుతుందా?

పాతచిట్టా:
నిలబడదు, ఒప్పుకుంటాను. కానీ లెక్క చెప్పలేనిది కూడా చూడండి. బంగారు ప్రమాణాన్ని, అంటే కరెన్సీ విలువను బంగారానికి కట్టివేసే పద్ధతిని, ముందుగా వదిలిన దేశాలు 1930ల మహామాంద్యం నుంచి ముందుగా కోలుకున్నాయని ఆర్థికవేత్తలు ఐకెన్‌గ్రీన్, శాక్స్ 1985లో చూపించారు. బ్రిటన్ 1931 సెప్టెంబరులోనే వదిలేస్తే, ఫ్రాన్స్ 1936 దాకా పట్టుకు వేలాడింది. ఎందుకు? 1920లలో తన కరెన్సీ ఫ్రాంకు పతనాన్ని కళ్లారా చూసి, 1928లో దాన్ని మొదటి ప్రపంచ యుద్ధానికి ముందున్న విలువలో ఐదో వంతు దగ్గర నిలబెట్టుకున్న దేశానికి, మళ్లీ విలువ తగ్గించడమంటే ఎంత భయమో ఆనాటి పార్లమెంటు చర్చలు చదివితే తెలుస్తుంది గాని, సమీకరణంలో ఇంకో చలరాశిని చేరిస్తే తెలియదు.

గుమాస్తా:
మీరిద్దరూ శాఖల దగ్గరే ఆగిపోయారు. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి కుంగుతుందని ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాసిన వ్యాసాన్ని 2013లో ప్రశ్నార్థకం చేసింది ఒక ఆర్థికశాస్త్ర విద్యార్థి. తరగతి పనిలో భాగంగా వారి ఎక్సెల్ ఫైలును తెప్పించుకుని చూస్తే, ఇరవై దేశాల సగటు తీయాల్సిన సూత్రం పదిహేను వరుసల దగ్గరే ఆగి ఉంది. ఆస్ట్రేలియా నుంచి డెన్మార్క్ దాకా అయిదు దేశాలు లెక్కలోకే రాలేదు. తప్పు అదొక్కటే కాదనుకోండి, సగటులు తీసిన పద్ధతి మీదా అభ్యంతరాలు వచ్చాయి. మూలాన్ని తెరిచి చూసే అలవాటు ఏ ఒక్క శాఖ సొత్తూ కాదు. అందుకే నన్నడిగే విద్యార్థికి శాఖ పేరు చెప్పను. చేరబోయే చోట కేవలం ఒక డేటా శ్రేణిని (ఏటికేడు అంకెల జాబితాను) ఓపికగా నిర్మించినందుకు ఎవరికైనా పదోన్నతి ఇచ్చారేమో ముందు కనుక్కోమంటాను.