మా ఊరి ల్యాండ్ ట్రస్ట్‌లో చేరమంటున్నారు: వీరు చేసే పని ఏమిటి?

ప్రశ్న (కొత్త ఇంటివారు)

మసాచుసెట్స్‌లోని ఒక చిన్న ఊళ్ళో రెండేళ్ళ కిందట ఇల్లు కొనుక్కున్నాం. మా పెరటి రాతిగోడ దాటితే ఒక వృద్ధ రైతు గారి గడ్డిపొలం, దాని వెనుక అడవి ఉన్నాయి. ఆ భూమి ఇళ్ళ స్థలాల కోసం అమ్ముడుపోకుండా కాపాడాలంటూ ఊరి ల్యాండ్ ట్రస్ట్ వారు ఇంటింటికీ తిరిగి చందాతో పాటు నెలకొక శనివారం శ్రమదానం కూడా అడుగుతున్నారు. వీరిలో జీతం తీసుకునేవారు ఒక్కరూ లేరు. ఆఫీసు అంటే కోశాధికారి గారి వంటింటి బల్లేనట. ఒకరి సొంత భూమి అమ్మకంలో కలుగజేసుకునే హక్కు వీరికెక్కడిది? పదిమంది నడిపే సంఘం రేపు మూతపడితే ఆ భూమి గతి ఏమిటి?

సమాధానం 1 (పాత కాపు)

ఆ హక్కు నిజానికి ఊరిది. ఆ రైతు ఇన్నేళ్ళూ చాప్టర్ 61ఏ అనే రాష్ట్ర చట్టం కింద సాగు విలువ మీద మాత్రమే ఆస్తిపన్ను కట్టి ఉంటే, ఇళ్ళ కోసం అమ్మదలచినప్పుడు వచ్చిన బేరం ధరకే ముందుగా కొనే అవకాశాన్ని ఊరికి ఇవ్వాలి. నోటీసు అందిన నాటి నుంచి 120 రోజుల గడువు ఉంటుంది. ఊరు తానే కొనవచ్చు, లేదా ఆ హక్కును ల్యాండ్ ట్రస్ట్ వంటి లాభాపేక్ష లేని సంస్థకు బదలాయించవచ్చు. మీ తలుపు తట్టినవారి తొందర బహుశా ఆ గడువు గురించే. మీ ఊరు 2000 నాటి కమ్యూనిటీ ప్రిజర్వేషన్ చట్టాన్ని స్వీకరించి ఉంటే, ఆస్తిపన్ను మీద 3 శాతం దాకా వసూలు చేసే అదనపు పన్ను నుంచి కొంత సొమ్ము టౌన్ మీటింగ్ (ఊరి ఓటర్ల సభ) ఓటుతో రావచ్చు.

కొనకుండా కాపాడే దారి మరొకటి ఉంది. యజమాని భూమిని తన పేరిటే ఉంచుకుని, అందులో ఇళ్ళు కట్టే హక్కును మాత్రం శాశ్వతంగా వదులుకుంటూ కన్సర్వేషన్ రిస్ట్రిక్షన్ అనే పత్రం ఊరికో ల్యాండ్ ట్రస్ట్‌కో రాసి ఇస్తారు. ఊరి పాలకమండలీ, రాష్ట్ర పర్యావరణ కార్యదర్శీ ఆమోదించి, అది రిజిస్ట్రీకి ఎక్కాక, భూమి ఎన్ని చేతులు మారినా కొత్త యజమాని దానికి కట్టుబడాల్సిందే. దానంగా రాసి ఇచ్చినవారికి, నిబంధనలకు లోబడి, ఫెడరల్ ఆదాయపన్నులో మినహాయింపు కూడా ఉంటుంది.

సమాధానం 2 (శనివారం మనిషి)

పత్రం ఒక్కసారి రాస్తే సరిపోతుంది కానీ, కాపలా ఏటా కాయాలి. ప్రతి శరదృతువులోనూ మ్యాపు, కెమెరా పట్టుకుని పాత రాతిగోడల వెంట సరిహద్దంతా నడిచి, నిరుటి ఫోటోలతో పోల్చి నివేదిక రాస్తాం. మాకు ఎదురయ్యేవి ఘోరమైన ఆక్రమణలేమీ కావు. ఒకరు కోసిన గడ్డిని గోడ అవతలికి పారబోస్తారు, మరొకరి పెరటి షెడ్డు ఆరడుగులు ఇవతలికి జరిగి ఉంటుంది. నోటీసు పంపే ముందు వెళ్ళి కూర్చుని మాట్లాడితేనే పని జరుగుతుందని నా అనుభవం. ఆ మాట్లాడడమే అన్నిటికన్నా కష్టమైన శ్రమదానం.

మే నెలలో గార్లిక్ మస్టర్డ్ అనే, బయటి నుంచి వచ్చి అడవిని కమ్మేసే కలుపు మొక్కలను గింజ రాలక ముందే పీకి సంచుల్లో కట్టేస్తాం. ఆకు నలిపితే వెల్లుల్లి వాసన వస్తుంది కనుక మనవాళ్ళు చిటికెలో గుర్తుపడతారు. చెట్లకు ఉరిలా చుట్టుకునే ఓరియెంటల్ బిట్టర్‌స్వీట్ తీగను తవ్వితే నారింజ రంగు వేళ్ళు బయటపడతాయి. చిన్న ముక్క మిగిలినా మళ్ళీ చిగురిస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, ఇంటికి రాగానే పిడుదుల కోసం ఒళ్ళంతా చూసుకోండి.

సమాధానం 3 (లెక్కల మాస్టారు)

మీ రెండవ సందేహం సబబైనదే. సంఘం మూతపడితే బాధ్యత తీసుకునేందుకు పత్రంలో ప్రత్యామ్నాయ సంస్థ పేరో, ఊరి కన్సర్వేషన్ కమిషన్ (ప్రకృతి సంరక్షణ చూసే ఊరి సంఘం) పేరో ఉన్నదీ లేనిదీ, ఏటేటా కాపలాకూ కోర్టు ఖర్చులకూ విడిగా నిధి పెట్టినదీ లేనిదీ అడిగి తెలుసుకున్నాకే చందా ఇవ్వండి. ఇంకొక మాట: ప్రతి ఖాళీ స్థలాన్నీ కాపాడుతూ పోతే ఊళ్ళో ఇళ్ళ ధరలు పెరిగి కొత్తవారికి చోటు దొరకదన్న విమర్శ ఉంది, అది పూర్తిగా తప్పు కాదు. అందుకే మా సంఘంలో వాగు ఒడ్డు, మంచి సాగు నేల ఉన్న చోట్లకే పట్టుబడతాం. రోడ్డు పక్క బీడును వదిలేస్తాం.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. నిధి సంగతి కోశాధికారి గారిని అడిగితే లెక్కల పుస్తకమే తెచ్చి ముందు పెట్టారు. చందా ఇచ్చాం, ఈ శనివారం సరిహద్దు నడకకు మా అబ్బాయిని కూడా తీసుకువెళ్తున్నాను. అన్నట్టు, మేము గడ్డి పారబోస్తున్నది కూడా ఆ గోడ అవతలికేనని ఇప్పుడు తెలిసింది.