టీకాల పరిశోధన మా అమ్మాయికి బతుకుదారి అవుతుందా?

దేవరకొండ ఉపాధ్యాయుడు:

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో గణితం చెబుతాను. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. మా అమ్మ జబ్బ మీద చిన్నతనంలో వేసిన మశూచి టీకా మచ్చలు ఇప్పటికీ గుండ్రంగా కనిపిస్తాయి. పోయిన సంక్రాంతికి వాటిని చూసి, డెబ్బై ఏళ్ల కిందటి టీకా నాయనమ్మ ఒంట్లో ఇంకా పనిచేస్తోందా అని అమ్మాయి అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. టీకా వేశాక శరీరం ఎలా స్పందిస్తుందో పరిశోధించడమే తన పని కావాలని అప్పటి నుంచి పట్టుబడుతోంది. చుట్టాలు బీఈడీ చేయించమంటున్నారు. ఎంబీబీఎస్ లేకుండా ఈ రంగంలోకి వెళ్లవచ్చా, అక్కడ రోజువారీ పని ఎలా ఉంటుంది, ఎన్నేళ్లకు స్థిరపడుతుంది అన్నవి తెలిసినవారు చెప్పగలరు.

పాలమూరు పరిశోధకురాలు:

సార్, నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. నేను ఎంబీబీఎస్ చదవలేదు. ఎమ్మెస్సీ తర్వాత జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) సాధించి ఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక శాస్త్రంలో, పీహెచ్‌డీ చేశాను.

ముందు అమ్మాయి ప్రశ్నకు జవాబు చెబుతాను. మశూచి టీకా వేయించుకుని యాభై ఏళ్లు దాటినవారి రక్తంలో కూడా దాన్ని గుర్తుపట్టే బి జ్ఞాపక కణాలు (పాత టీకాను గుర్తుంచుకునే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఉన్నాయని 2003లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయ బృందం ఒకటి చూపించింది. ఆ ల్యాబుకు పెద్ద అయిన రఫీ అహ్మద్ గారు హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివినవారే. ఆయనా ఎంబీబీఎస్ డాక్టరు కారు. అమెరికా వెళ్లి మైక్రోబయాలజీ చదివి, 1981లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

ఈ వృత్తి ఎలాంటిదో తెలియాలంటే ఆయన పని క్రమాన్ని చూడాలి. ఎలుకలకు సోకే ఒకే వైరస్‌లో రెండు రకాలుంటే, ఒకదాన్ని శరీరం కొద్ది రోజుల్లోనే తరిమేస్తుందని, రెండోది నెలల తరబడి తిష్ఠ వేస్తుందని 1984లో ఆయన, సహచరులు చూపించారు. మొండి వైరస్ ఉన్నచోట దాన్ని ఎదుర్కోవలసిన టి కణాలనే తెల్ల రక్తకణాలు చచ్చిపోకుండానే పని మానేస్తున్నాయని 1998లో తేలింది. ఆ కణాల మీద పీడీ-1 అనే అణువు బ్రేకులా పనిచేస్తోందని, దాన్ని అడ్డుకుంటే అవి మళ్లీ పనిలో పడతాయని 2006లో బయటపడింది. ఇప్పుడు క్యాన్సర్ రోగులకు ఇస్తున్న ఒక తరగతి మందులు గురిపెట్టేది ఆ బ్రేకునే. ఒక ప్రశ్నను ఇరవై రెండేళ్లు విడవకుండా పట్టుకున్నారు కాబట్టే ఇది సాధ్యమైందని నేను గట్టిగా నమ్ముతాను, మా ల్యాబులో చేరే పిల్లలకు మొదటి వారమే ఈ కథ చెబుతాను.

రోజువారీ పని చూడడానికి చిన్నగా కనిపిస్తుంది కానీ తేదీల విషయంలో చాలా కఠినం. ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసిన తర్వాత యాంటీబాడీలను తయారుచేసే కొత్త కణాలు సుమారు ఏడో రోజున రక్తంలో ఎక్కువగా కనిపించి, రెండు వారాలకల్లా దాదాపు మాయమవుతాయి. ఏడో రోజు ఆదివారమైనా, పండుగైనా ఆ మనిషి దగ్గరికి వెళ్లి రక్తం తీసుకోవాలి. కొద్ది గంటల్లో దాన్ని, రక్తకణాలను వేరుచేసే ఫైకాల్ ద్రవం మీద చెదరకుండా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మధ్యలో తేలే తెల్లటి పొరను పిపెట్‌తో తీసి, అందులోని కణాలను ద్రవ నత్రజనిలో భద్రపరచాలి. ఆ రోజు తప్పితే ఆ సమాచారం మళ్లీ దొరకదు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెబుతాను. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక వేరే ల్యాబులో చేసే పరిశోధన) లెక్కేస్తే, సొంత ల్యాబు వచ్చేసరికి వయసు ముప్పై అయిదు దాటుతుంది. పెళ్లి మాట వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు అండగా నిలబడకపోతే మధ్యలో ఆగిపోయే అమ్మాయిలను నేను చూశాను. మీరు నిలబడండి సార్.

మిర్యాలగూడ పిల్లల డాక్టర్:

పై జవాబుకు ఒక మాట చేరుస్తాను. ఎంబీబీఎస్ దారి కూడా ఉంది. వేలూరులో ఎంబీబీఎస్, మైక్రోబయాలజీలో ఎండీ చేసిన గగన్‌దీప్ కాంగ్ గారు, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ మీద దశాబ్దాలు పనిచేసి 2019లో బ్రిటన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఫెలో అయ్యారు. అయితే ఏ దారిలో వెళ్లినా పరిష్కారం కాని ప్రశ్నలు మన ఊళ్లలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావైరస్ టీకా రోటావాక్‌కు మూలమైన వైరస్ ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980ల మధ్యలో దొరికితే, టీకాకు అనుమతి వచ్చింది 2014లో. ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో, మొదటి ఏడాది తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి అది ఇచ్చిన రక్షణ సుమారు 56 శాతం. నోటి ద్వారా ఇచ్చే ఇలాంటి టీకాలు సంపన్న దేశాల పిల్లలలో ఇంతకన్నా బాగా పనిచేస్తాయి. ఈ తేడాకు కారణం తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలా, పేగులోని సూక్ష్మజీవులా, పోషణ లోపమా, వీటిలో దేని వాటా ఎంతో ఇంకా పూర్తిగా తేలలేదు. ఈ ప్రశ్నకు జవాబు వెతికే మనిషి మన జిల్లా నుంచి రావాలని నాకెంతో ఆశ.

దేవరకొండ ఉపాధ్యాయుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ అమ్మాయి చదివింది. యాంటీబాడీలు చేసే కణాలు చాలావరకు ఎముక మజ్జలో ఉంటాయని పాఠంలో ఉందట. మజ్జను తీయకుండా, నాయనమ్మ రక్తం మాత్రమే చూసి అవి బతికున్నాయని ఎలా చెప్పగలం అని అడగమంది.

పాలమూరు పరిశోధకురాలు:

మంచి ప్రశ్న వేసింది, తల్లి. రక్తంలోని ఐజీజీ అనే రకం యాంటీబాడీ సుమారు మూడు వారాలకు సగమైపోతుంది. డెబ్బై ఏళ్ల నాటి టీకాకు సంబంధించిన యాంటీబాడీ ఈ రోజు నాయనమ్మ రక్తంలో కనిపించిందంటే, అది అప్పుడు తయారై నిలవున్నది కాదు. ఈ మధ్యనే ఏవో కణాలు దాన్ని తయారుచేసి ఉండాలి. సగమయ్యే లెక్క వేసి చూపించడానికి ఇంట్లోనే గణితం సారు ఉన్నారు. డిగ్రీ పరీక్షలతో పాటు గ్యాట్-బి కూడా రాయమనండి సార్. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో నడిచే ఎమ్మెస్సీ కోర్సులకు అదే ప్రవేశ పరీక్ష.