పేరు సరే, ఎందుకొచ్చిన పేరు? ప్రసిద్ధి విలువ పడిపోవడానికి మీడియాదే బాధ్యతా?

చివరిపేజీ (చర్చ ప్రారంభం):
పేరుమోసిన వైద్యుడు, పేరుమోసిన గాయకుడు, పేరుమోసిన దొంగ. తెలుగులో "పేరుమోసిన" అన్నాక ఇంకో మాట పడాల్సిందే. ఎందులో పేరొచ్చిందో చెప్పందే వాక్యం నిలబడదు. "సెలబ్రిటీ"కి ఆ అవసరం లేదు. ఆ ఒక్క మాట అంటే చాలు, ఏం చేశాడని ఎవరూ అడగరు. అందరికీ తెలిసినవాడు కావడం తప్ప వేరే అర్హత అక్కర్లేని మనిషే సెలబ్రిటీ అని అమెరికన్ చరిత్రకారుడు డేనియల్ బూర్‌స్టిన్ 1960ల మొదట్లోనే తేల్చాడు.

ఈ పరిస్థితి తెచ్చింది మీడియానే అని నా వాదన. దీనికి మందు కూడా మీడియా చేతిలోనే ఉంది. మృతివార్త రాసే పద్ధతి చూడండి. మొదటి వాక్యంలో పేరు, ఆ వెంటనే ఆ మనిషి చేసిన పని, తర్వాతే మరణం, వయసు. పెద్ద వార్తాసంస్థలు బతికున్నవాళ్ల గురించి కూడా వీటిని ముందే రాసి దాచుకుంటాయి. 2020 నవంబరులో ఫ్రాన్స్‌కు చెందిన ఆర్‌ఎఫ్‌ఐ రేడియో వెబ్‌సైటులో అలా దాచినవి సుమారు వంద పొరపాటున బయటికొచ్చేశాయి. మృతివార్తలోని ఆ మొదటి వాక్యం బతికున్నవాళ్ల మామూలు వార్తకూ తప్పనిసరి చేయాలి. "ఫలానా పని చేసిన ఫలానా వ్యక్తి" అని పది మాటల్లో రాయాలి. అందులో "ప్రముఖ", "వైరల్", "సందడి చేసే" లాంటి మాటలు వాడకూడదు. అవి తీసేశాక వాక్యంలో ఏమీ మిగలకపోతే ఆ వార్త వేయకూడదు.

పాతఫైలు:
చివరిపేజీ గారూ, ఒకప్పుడు పేరు పనికే వచ్చేది, ఇప్పుడు చెడిపోయింది అనే మాట నేను ఒప్పుకోను. క్రీ.పూ. 356లో హెరోస్ట్రాటస్ అనేవాడు ప్రాచీన గ్రీకు నగరం ఎఫెసస్‌లోని ఆర్టెమిస్ గుడిని తగలబెట్టాడు, తన పేరు నిలవాలని. ఆ పేరే ఎత్తకూడదని ఊరివాళ్లు కట్టడి చేశారు. అయినా థియోపొంపస్ అనే చరిత్రకారుడు రాశాడు, నేను ఇక్కడ టైపు చేస్తున్నాను. ఇక పియానో వాద్యకారుడు ఫ్రాంజ్ లిస్ట్ చుట్టూ జనం చూపిన పిచ్చికి జర్మన్ కవి హైన్ "లిస్టోమేనియా" అని పేరు పెట్టింది 1844లో. అప్పటికి టీవీ లేదు, ఫోనూ లేదు.

మీరు ఆదర్శంగా చూపిన మృతివార్తల పేజీ కూడా అంత స్వచ్ఛమైనది కాదు. 1851 నుంచీ తమ మృతివార్తల్లో ఎక్కువభాగం తెల్లజాతి మగవాళ్లవేనని న్యూయార్క్ టైమ్స్ 2018 మార్చిలో తనే ఒప్పుకుని, వదిలేసినవాళ్లకు ఆలస్యంగా రాయడం మొదలుపెట్టింది. మొదటి విడతలో, తొలి కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసిందని చెప్పే ఏడా లవ్‌లేస్ ఉంది. ఆమె పోయింది 1852లో! పని చేసినవాళ్లకు పేరు రాకపోవడం, పని లేనివాళ్లకు పేరు రావడం అనే రెండు జబ్బులూ పాతవే.

రాత్రిడెస్కు:
జబ్బు పాతదే. ఇప్పుడు అది పాకే దారి మాత్రం కొత్తది. ఆ దారి తెలియకుండా మందు రాయలేం. వెబ్‌సైట్లలో రోజూ కనిపించే ఒక్క రకం వార్త విప్పి చూద్దాం: "ఈ ఫొటోలో ఉన్న చిన్నారిని గుర్తుపట్టారా? ఇప్పుడు స్టార్ హీరోయిన్."

ముడిసరుకు ఒక్క ఫొటో. ఆ నటి ఖాతాలోనిదో, ప్రచారం చూసుకునే పీఆర్ మనిషి వాట్సాప్‌లో పంపిందో. హెడ్డింగులో పేరు ఉండదు, ఉంటే ఎవరూ నొక్కరు. మొదటి పేరాలో బాల్యం, రెండోదాంట్లో "తక్కువ సమయంలోనే గుర్తింపు తెచ్చుకుంది", మూడోదాంట్లో "కుర్రకారు గుండెల్లో". పేరు నాలుగో పేరాలో వస్తుంది. అక్కడికి చేరేలోపు వేలు మూడు ప్రకటనలు దాటుతుంది. పేరు ఆలస్యం చేయడం రచయిత చేతకానితనం అనుకోకండి, ఆదాయం మొత్తం ఆ ఆలస్యంలోనే ఉంది. చివర్లో "నెటిజన్లు ఫిదా" అంటే ఆ ఫొటో కింద నాలుగు వ్యాఖ్యలు.

ఎయిర్‌పోర్టు ఫొటోలూ అంతే. అనుకోకుండా కెమెరాకు చిక్కినట్టు కనిపిస్తాయి. చాలాసార్లు ఏ టెర్మినల్, ఎన్నింటికి అన్నది ఫొటోగ్రాఫర్లకు ముందే అందుతుంది. గుర్తుపట్టాలంటే మూడు చూడండి: ఒకే అడుగు, ఒకే చిరునవ్వు మూడు నాలుగు వేర్వేరు ఖాతాల్లో ఒకే అరగంటలో వస్తుంది, కాప్షన్‌లో బ్రాండు పేరు తప్పు లేకుండా ఉంటుంది, వారంలోపు ఆ మనిషి సినిమాదో ప్రకటనదో విడుదల ఉంటుంది.

కాబట్టి చివరిపేజీ గారి పది మాటల నియమం ఇక్కడ పనిచేయదు. "రెండు సినిమాల్లో నటించిన" అని రాసి పాసైపోతారు. దానికంటే గట్టి పరీక్ష ఉంది: పేరు తీసేసి "ఒక వ్యక్తి" అని పెట్టి చదవండి. "ఒక వ్యక్తి విమానాశ్రయంలో నడిచారు." ఇది వార్తేనా? "ఒక వ్యక్తి పన్ను ఎగ్గొట్టిన కేసులో అరెస్టయ్యారు" అన్నది పేరు లేకున్నా వార్తే.

గ్రాఫ్‌గీత:
విలువ పడిపోయింది, పడిపోలేదు అని వాదించుకునే బదులు కొలవచ్చు. వికీపీడియా పేజీ వీక్షణల సాధనం అందరికీ ఉచితం. 2015 జులై నుంచి రోజువారీ లెక్క ఉంది.

మనిషి పేజీ ఎంచుకోండి. తేదీలు ఆ వార్తకు ఆరు నెలల ముందు నుంచి ఏడాది తర్వాత దాకా పెట్టండి. "ఏజెంట్" దగ్గర "యూజర్" ఉంచండి, లేకపోతే బాట్లు (మనుషులు కాని ఆటోమేటిక్ ప్రోగ్రాములు) కూడా కలుస్తాయి. ప్లాట్‌ఫామ్ "ఆల్" ఉండాలి, డెస్క్‌టాప్ ఒక్కటే పెడితే ఫోన్లలో చదివేవాళ్లంతా పోతారు. పేజీ పేరు మారి ఉంటే దారిమార్పులు (పాత పేరుతో వచ్చినవాళ్ల లెక్క) కూడా కలపండి.

ఇక్కడ రెండు తప్పులు అందరూ చేస్తారు. ఒకటి, మామూలు స్కేలులో చూడటం. శిఖరం ఆకాశానికి పోయి, మిగతా రోజులన్నీ సున్నాలా కనిపిస్తాయి. లాగరిథమ్ స్కేలు (ఒక్కో మెట్టుకు పదింతలు పెరిగేది) పెట్టండి. రెండు, సాధనం చూపే సగటును నమ్మడం. ఒక్కరోజు ఉప్పెన ఏడాది సగటును లేపేస్తుంది. లెక్కలున్న సీఎస్‌వీ ఫైలు దించుకుని, ముందరి ఆరు నెలల మధ్యగతం (లెక్కలను వరసగా పేర్చితే నడిమధ్య పడేది), తర్వాత 7 నుంచి 12 నెలల మధ్యగతం విడిగా తీసి పోల్చండి. కొత్త నేలమట్టం పాతదానికంటే పైన నిలిస్తే జనానికి ఆ మనిషి నిజంగా గుర్తున్నట్టు. మళ్లీ పాత మట్టానికే దిగితే మిగిలింది ఆ ఒక్కరోజు గోలే.

ముందు జీవరసాయన శాస్త్రవేత్త కాటలిన్ కరికో పేజీతో మొదలుపెట్టండి. సహశాస్త్రవేత్త వైస్‌మన్‌తో కలిసి ఎంఆర్‌ఎన్‌ఏ (ఏ ప్రోటీను చేయాలో కణానికి చెప్పే అణువు) మీద కీలకమైన పరిశోధనాపత్రం 2005లో, ఆ పునాది మీద కోవిడ్ టీకాలు 2020లో, నోబెల్ 2023లో. పనికీ పేరుకీ మధ్య పదిహేనేళ్లు. మీడియా మీద నా ఫిర్యాదు ఆ పదిహేనేళ్ల గురించి, ఎయిర్‌పోర్టు ఫొటోల గురించి కాదు.

పాతఫైలు:
గ్రాఫ్‌గీత గారూ, పేజీయే లేనివాళ్లను ఎలా కొలుస్తారు? భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్లాండ్ లేజర్ కాంతి పల్సుల (క్షణికమైన మెరుపుల) శక్తిని పెంచే పద్ధతిని 1985లో జెరార్డ్ మురూతో కలిసి కనిపెట్టింది. 2018 మేలో ఆమె మీద రాసిన వికీపీడియా చిత్తుప్రతిని తగినన్ని స్వతంత్ర ఆధారాలు లేవని తిప్పికొట్టారు. అక్టోబరు 2న ఆమెకు నోబెల్ ప్రకటించారు. పేజీ ఆ తర్వాతే పుట్టింది. మురూకు మాత్రం ముందునుంచీ ఉంది.

వికీపీడియా నియమం చెడ్డదని కాదు. సంబంధం లేని, నమ్మదగిన చోట్ల విస్తృతంగా రాసి ఉండాలి, ప్రెస్‌నోట్లు చెల్లవు అంటుంది. అది లేకపోతే డబ్బిచ్చి రాయించుకున్న పేజీలతో నిండిపోతుంది. కానీ ఆ నియమం మీడియా భుజం మీద నిలబడింది. మీడియా చూడనిది దానికీ కనపడదు. మీ కొలబద్దా అక్కడే నిలబడింది.

గ్రాఫ్‌గీత:
ఒప్పుకుంటున్నాను. లేని పేజీకి గ్రాఫ్ గీయలేను. అయితే ఫాలోవర్ల లెక్క కంటే ఇది మేలు. ఫాలోవర్లు కొనుక్కోవచ్చు. నకిలీ ఫాలోవర్లు అమ్మిన డెవూమీ అనే కంపెనీ వ్యవహారం 2019లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ దగ్గర 25 లక్షల డాలర్ల తీర్పుతో ముగిసింది. ట్విట్టర్ నీలి టిక్కుదీ అదే కథ. 2009లో అది వచ్చింది నకిలీ ఖాతాల గొడవతో, "ఈ ఖాతా ఆ మనిషిదే" అని చెప్పడానికి. జనం దాన్ని గొప్పతనానికి గుర్తుగా చదువుకున్నారు. 2023 ఏప్రిల్‌లో పాత టిక్కులన్నీ తీసేసి చందా కట్టినవాళ్లకు ఇచ్చాక అటు గుర్తింపూ పోయింది, ఇటు గొప్పా పోయింది.

నిశ్శబ్దరేఖ:
ఇంతసేపూ పేరు కోరుకున్నవాళ్ల గురించే మాట్లాడారు. కోరుకోకుండా పేరు మీదపడినవాళ్ల సంగతి ఏమిటి? రోడ్డు మీద గొడవలో వీడియోకు చిక్కిన మనిషి, ఆత్మహత్య చేసుకున్నవాళ్ల ఇంటివాళ్లు. ప్రసిద్ధి అర్థం మారితే ఎక్కువ నష్టపోయేది వీళ్లు.

కారు ప్రమాదంలో పోయిన బ్రిటన్ యువరాణి డయానా మరణంపై 2008లో లండన్ విచారణలో జ్యూరీ, ఆమె డ్రైవరుతో పాటు ఫొటోల కోసం వెంటపడిన వాహనాల నిర్లక్ష్యాన్నీ కారణంగా తేల్చింది. ప్రసిద్ధుల ఆత్మహత్య వార్తల తర్వాత అనుకరణలు పెరుగుతాయని తెలిసే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది: పద్ధతి వివరించొద్దు, హెడ్డింగులో పెట్టొద్దు, చోటు ఫొటో వేయొద్దు, పదేపదే తిప్పొద్దు, సహాయం దొరికే చోటు చెప్పండి.

ఇది సాధ్యం కాదనేవాళ్లు న్యూజీలాండ్ చూడండి. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి పేరు పలకనని ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులోనే చెప్పారు. అక్కడి ఐదు ప్రధాన వార్తాసంస్థలు విచారణ మొదలవకముందే కూర్చుని, వాడి ప్రచారానికి చోటివ్వకుండా ఎలా రాయాలో ఒప్పందం చేసుకున్నాయి. పోటీదారులు ఐదుగురూ! ఒక్కరే ఆగితే పక్కవాడు వేస్తాడనే భయం ఉంటుంది, అందరూ కలిసి ఆగితే ఆ భయం ఉండదు.

చివరిపేజీ:
పాతఫైలు గారు పట్టుకున్న లోపం నిజమే. ఈ మనిషికి పేరు "ఎందుకు" అని చెప్పే వాక్యం మేమే రాయకపోతే ఎవరికీ దొరకదు. అందుకే నా నియమం మారుస్తున్నాను. వడపోతగా రాత్రిడెస్కు గారి పరీక్షే ఉండనివ్వండి. దాంతో మిగిలిన చోటును ఇంకా పేరు రాని పనికి కేటాయించాలి. అయినా బాధ్యత మొదట మీడియాదేననే మాట వెనక్కి తీసుకోను. జనం అడిగారు కాబట్టి వేశాం అనడానికి, పేరును నాలుగో పేరాలో దాచింది జనం కాదు కదా. నిశ్శబ్దరేఖ గారి విషయంలో ఇలా అంటాను: సామాన్యుడి పేరు మొదటిరోజు అవసరమైతేనే వేయాలి, రెండోరోజు నుంచి తీసేయాలి.

రాత్రిడెస్కు:
రెండోరోజు తీయడం చెప్పినంత తేలిక కాదు. హెడ్డింగు మార్చి పని అయిపోయిందనుకుంటారు. లింకులో పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో అలాగే ఉండిపోతుంది, వెతికితే అదే పైకొస్తుంది. ఫొటో ఫైలు పేరులో ఉంటుంది, ఫొటో వెనక రాసే వివరణలో ఉంటుంది, ఆ పేరు మీద ట్యాగ్ పేజీ ఒకటి తనంతట తానే పుట్టి ఉంటుంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద అచ్చయి ఉంటుంది. ఈ ఐదు చోట్లా తీసి, పాత లింకు నుంచి కొత్తదానికి దారి మళ్లించి, వెతుకుడు యంత్రానికి మళ్లీ చూడమని చెప్పాలి. అంత పని రెండోరోజు ఎవరూ చేయరు. మొదటిరోజే పేరు లేకుండా లింకు పెట్టాలి.