ఇంటి ముందు బైక్ రిపేర్ షెడ్డు: బోర్డు మీద ఏ పేరు? కంపెనీ లోగోలు వేయొచ్చా?

పానా_ఖమ్మం: ఖమ్మంలో కాలనీ లోపల, మెయిన్ రోడ్డుకు రెండు సందుల అవతల, ఇంటి ముందు రేకుల షెడ్డు వేశాను. టూవీలర్ పని మాత్రమే, ఒక్కణ్ణే. అమ్మ 'శ్రీ వేంకటేశ్వర ఆటో వర్క్స్' పెట్టమంటోంది. ఫ్లెక్స్ షాపతను 4×2 అడుగుల డిజైన్ పంపాడు. దాని మీద హీరో, హోండా, బజాజ్, టీవీఎస్ లోగోలు నాలుగూ ఉన్నాయి, కింద 'ఫుల్ సర్వీసింగ్ 199 మాత్రమే'. ఖాయం చేయనా?

బైపాస్_మెకానిక్: లోగోలు తీసెయ్ తమ్ముడూ. లోగో చూస్తే కంపెనీ సర్వీస్ సెంటరే అనుకుంటారు. వారంటీలో ఉన్న బండి తెచ్చి నీ చేత ఇంజిన్ విప్పిస్తారు. రేపు షోరూమ్‌లో క్లెయిమ్ రాదంటే నీ గుమ్మం ముందే గొడవ. పైగా ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ఉండనే ఉంది.

గేర్_బాక్స్: ఊళ్లో ప్రతి షెడ్డు మీదా లోగోలున్నాయి. సందులోకి వచ్చేవాడు తన బండి గుర్తు చూసి ఆగుతాడు. హీరో, హోండా విడిపోతున్నామని 2010 చివర్లో చెప్పినా 'హీరో హోండా స్పెషలిస్ట్' బోర్డులు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఎవరొచ్చి పీకారు?

బైపాస్_మెకానిక్: పీకలేదు కాబట్టి తప్పు కాదంటావా?

బోర్డు_రాత: లోగో సంగతి తర్వాత. ముందు ఆ బోర్డులో ఏం పడుతుందో చూడండి. అంగుళం ఎత్తు అక్షరం హాయిగా చదవాలంటే పదడుగుల దూరం. 60 అడుగుల నుంచి కనబడాలంటే 6 అంగుళాలు కావాలి. 30 కి.మీ. వేగంతో పోయే బండి సెకనుకు 27 అడుగులు దాటేస్తుంది, అంటే చదవడానికి దొరికేది రెండు సెకన్లు. 24 అంగుళాల ఎత్తులో 6 అంగుళాల వరుసలు రెండు, 3 అంగుళాల ఫోన్ నంబరు, మధ్య ఖాళీలు. అయిపోయింది. వెడల్పు 48 అంగుళాలు కనుక వరుసకు ఏడెనిమిది అక్షరాలే. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు పడాలి కదా, 'వేంకటేశ్వర వర్క్స్' ఇరికిస్తే అసలు అక్షరం సగమైపోతుంది. పై వరుసలో చిన్న పేరు, కింది వరుసలో 'బైక్ రిపేర్'. పసుపు మీద నలుపు. ఎరుపు ఫ్లెక్స్ ఎండకు అన్నిటికంటే ముందు వెలుస్తుంది, పడమటి ఎండ తగిలే గోడకైతే రేకు మీద ఎనామిల్ పెయింటే మేలు. ఈ బోర్డు ఇంటి మీద కంటే సందు మొగలో బాణం గుర్తుతో ఉంటేనే పని చేస్తుంది, స్థలం ఎవరిదో అడిగి పెట్టండి.

యాక్టివా_అక్క: ఆటో వర్క్స్ అంటే నేనైతే మూడు చక్రాల ఆటోలకనుకుని వెళ్లిపోతా.

గేర్_బాక్స్: దేవుడి పేరు లోపల పటం కట్టి పెట్టుకో, అమ్మకు నేను చెప్తా. మ్యాప్‌లో వేంకటేశ్వర అని కొడితే పక్క వీధి కిరాణా దగ్గర్నుంచి పది వస్తాయి. జనం ఫోన్లో 'మెకానిక్' పక్కన నీ పేరే సేవ్ చేసుకుంటారు, బోర్డు మీదా అదే ఉండాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో అచ్చం అదే పేరు పెట్టు. 'బెస్ట్ బైక్ మెకానిక్ ఖమ్మం' అని తోక తగిలిస్తే సస్పెండ్ చేస్తారు. ధ్రువీకరణకు వీడియో అడిగితే వీధి, బోర్డు, షెడ్డు తలుపు తీయడం, పనిముట్లు, అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో చూపించు. బోర్డు పెట్టాకే ఆ పని మొదలుపెట్టు. డబ్బు కట్టించుకునే క్యూఆర్ కోడ్ కూడా చూసుకో. స్కాన్ చేస్తే బోర్డు మీద లేని పేరు వస్తే కస్టమర్ వేలు ఆగిపోతుంది.

మీటర్_రీడింగ్: బోర్డు పెట్టే ముందు కరెంటు క్యాటగిరీ మార్చుకోండి, ఇంటి వాడకం 1 నుంచి వ్యాపార వాడకం 2కి. ఇంటి మీటరు మీద కంప్రెసర్ నడిపి దొరికితే విద్యుత్ చట్టం, 2003లో సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్ వేస్తారు.

బైపాస్_మెకానిక్: అన్నీ బాగానే చెప్పారు, లోగోకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. 'హీరో, హోండా బండ్లు బాగుచేయబడును' అని మామూలు అక్షరాల్లో రాయడం వేరు. అది చేసే పనేమిటో చెప్పడమే. వాళ్ల గుర్తు, వాళ్ల రంగు వేసుకోవడం వేరు. ఆథరైజ్డ్ అనే మాటైతే అసలే వద్దు.

గేర్_బాక్స్: మళ్లీ లోగో! నీ షాపు షట్టర్ మీద ఆయిల్ కంపెనీ లోగో లేదూ?

బైపాస్_మెకానిక్: అది ఆ కంపెనీ డీలరే వేయించి ఇచ్చిన బోర్డు. అయినా నాకు అద్దె ఉంది, కమర్షియల్ కరెంటుంది, ట్రేడ్ లైసెన్స్ ఉంది, హెల్పర్ జీతముంది. ఇవేవీ లేనివాడు ఇంట్లో కూర్చుని 199 అని బోర్డు పెడితే రేపు నా కస్టమర్ నా బిల్లు చూసి నన్ను దొంగంటాడు. ఫుల్ సర్వీసింగ్ అంటే ఏమిటి? వాష్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ శుభ్రం చేసి గ్యాప్ చూడడం, స్ప్లెండర్ చైన్ 20–30 మి.మీ. వదులుకు సరిచేయడం, రెండు చక్రాలూ ఊడదీసి బ్రేక్ షూలు రుద్దడం, క్లచ్ కేబుల్‌కు నూనె, బోల్టులన్నీ బిగింపు. సరిగ్గా చేస్తే రెండు గంటలు. 199కి చేసేవాడు చక్రం ఊడదీయడు. లేదా ఆయిల్ దగ్గర లాగుతాడు, యాక్టివాకు తెచ్చిన ఎంబీ రకం (స్కూటర్ ఆయిల్) డబ్బానే పల్సర్‌లో పోసేస్తాడు. పల్సర్ క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, అది పోస్తే క్లచ్ జారుతుంది.

గేర్_బాక్స్: అదీ సంగతి! పొద్దుట్నుంచీ చట్టం చట్టం అన్నావు, కడుపుమంట రేటు గురించన్నమాట. అద్దె లేనివాడు ఆ మిగులు కస్టమర్‌కిస్తే తప్పేంటి? రెండు సందులు లోపలికి రమ్మనడానికి వాడి దగ్గరున్నది అదొక్కటే.

బైపాస్_మెకానిక్: ఇవ్వనీ. కానీ అద్దె మిగిలినంతే తగ్గించాలి, తన కూలి కూడా వదులుకోకూడదు. 199 చూసి వచ్చినవాడు 250 అన్నరోజు మళ్లీ రాడు. ఇంకొకడు 149 పెడతాడు. ఈ రెండూ జరగవని చెప్పు, ఊరుకుంటా.

యాక్టివా_అక్క: 199 అని పిలిచి 1,400 బిల్లు చేతిలో పెట్టేవాళ్లతోనే మా బాధంతా. ఎంతవుతుందో స్క్రూ విప్పకముందే చెప్తే చాలు.

పానా_ఖమ్మం: అన్నా, 199 నేను వేయమనలేదు. ఫ్లెక్స్ షాపతను ఎవరిదో పాత డిజైన్‌లో నా పేరు మార్చి పంపాడు. నేను లేబర్ 350 అనుకుంటున్నా.

బైపాస్_మెకానిక్: ఆ 350 కూడా బయట రాయకు. ఏ పనికెంతో జాబితా రాసి షెడ్డు లోపలి గోడకు పెట్టు, స్పేర్లు వేరు అని స్పష్టంగా ఉండాలి. ఆయిల్ డబ్బా సీలు కస్టమర్ ముందే విప్పు. మ్యాప్‌లో ఫొటో పెడితే ఆ జాబితాదే పెట్టు.

గేర్_బాక్స్: లోపల రాస్తే లోపలికొచ్చినవాడే చదువుతాడు. 350 బయటే రాయి, పెద్దగా.

కాలనీ_వాసి: పాత ఆయిల్ డ్రైనేజీలో పోయడనీ, రాత్రిళ్లు కంప్రెసర్ వేయడనీ ఎవరైనా హామీ ఇస్తారా?

పానా_ఖమ్మం: ఆయిల్ డబ్బాల్లో పట్టి రీసైక్లింగ్ వాళ్లకే ఇస్తా సార్, కంప్రెసర్ ఏడింటికల్లా ఆపేస్తా. బోర్డు_రాత గారూ, ఫ్లెక్స్ అతను లోగోలు తీయడానికి మళ్లీ డిజైన్ ఛార్జీ అంటున్నాడు. రేకు మీద మీరే రాసిస్తారా? ఖమ్మం వస్తారా?