అప్‌డేట్: ట్రెంచ్ మూతలు తాకితే షాక్ – ఎర్త్ రాడ్‌తో పోయేది కాదు

ఫ్లోర్ ట్రెంచ్ (నేలలో కరెంటు కేబుళ్లు పోయే కాలువ) ఇనుప మూతలు తాకితే జిల్లుమంటోంది, పక్కనే ఒక ఎర్త్ రాడ్ దింపితే సరిపోతుందా అని అడిగాను కదా. సరిపోదు. కారణం దొరికింది.

సప్లై ఆపి, లాక్ వేసి, లైన్ చచ్చిందని టెస్టర్‌తో నిర్ధారించుకున్నాక, ఒక్కో కేబుల్‌నీ రెండు చివరలా విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్) చూశాం. కనీసం 1 మెగోమ్ ఉండాలి. ఒక మోటారు కేబుల్‌కి 0.04 వచ్చింది. ట్రెంచ్ అడుగున టేపు చుట్టిన జాయింట్ నీళ్లలో నానుతోంది. పైగా గ్లాండ్ (కేబుల్ చివరను పట్టి ఉంచే బిగింపు) దగ్గర ఎర్త్ ట్యాగ్ (ఎర్త్ తీగ కలిపే రేకు) లేదు, అందుకే ఆర్మర్ (కేబుల్ మీది లోహపు కవచం), ట్రే (కేబుళ్లు పరిచే తట్ట), మూత ఫ్రేమ్ అన్నీ లైవ్. మధ్యలో జాయింట్ లేకుండా కేబుల్ మొత్తం మార్చేశాం.

ఇక రాడ్ సంగతి. 230 వోల్టుల మీద రాడ్ నిరోధం 20 ఓమ్‌లైతే పారేది 11.5 ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఎంసీబీకి (కరెంటు ఎక్కువైతే తనంతట పడే స్విచ్) అది మామూలు లోడు, పడనే పడదు. సీ టైప్ ఎంసీబీ అయితే ఖాయంగా వెంటనే పడటానికి దానికి పది రెట్లు, 320 ఆంపియర్లు కావాలి, అంటే లూప్ నిరోధం (లీకైన కరెంటు తిరిగొచ్చే మొత్తం దారి నిరోధం) 0.72 ఓమ్ దాటకూడదు. ఆ దారి రాగి తీగ గుండా ప్యానెల్ ఎర్త్ బార్‌కే (ఎర్త్ తీగలన్నీ కలిసే పట్టీ) ఉండాలి.

ఇప్పుడు ఫ్రేమ్, ట్రే, ఆర్మర్ మూడింటినీ ఎర్త్ బార్‌కి కలిపాం. లగ్ (తీగ చివర బోల్టు పట్టే ముక్క) కింద రంగు పూర్తిగా గీకి, మెరిసే లోహం కనబడ్డాకే బిగించండి. రంగు మీద బోల్టు ఎంత బిగించినా కంటిన్యూటీని (కరెంటు దారి తెగకుండా ఉండటాన్ని) నమ్మలేం. లూప్ రీడింగ్ 0.31 వచ్చింది.

నీళ్లు బయటికి పోయే ఏర్పాటు ఇంకా మిగిలుంది.